స్టూలు గురించి శాసనసభలో మాట్లాడొచ్చా?

1948 ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ చాలా చిన్నది. నిలబడి పనిచెయ్యాల్సిన కార్మికులందరికీ కూర్చునే ఏర్పాట్లు ఉండాలి, పని మధ్యలో కాస్త వ్యవధి దొరికితే వాళ్ళు వాటిని వాడుకోవాలి అని దాని సారాంశం. ఆ చట్టానికి ఆమోదం దొరికిన తేదీ 1948 సెప్టెంబర్ 23. హైదరాబాద్ మీద పోలీసు చర్య ముగిసి అప్పటికి వారం కూడా కాలేదు. గాంధీ హత్య జరిగి ఎనిమిది నెలలు. దేశ విభజన నాటి శరణార్థులు ఇంకా శిబిరాల్లోనే ఉన్నారు. రాజ్యాంగం రాయటం పూర్తి కాలేదు. అంత హడావిడిలోనూ కార్మికుడు ఎప్పుడు ఎక్కడ కూర్చుంటాడన్న సంగతి చట్టంలోకి ఎక్కింది. చరిత్ర పుస్తకాలు ఆ నెల గురించి ఎన్నో రాశాయి గానీ ఈ సెక్షన్ గురించి రాసినట్టు నాకు కనపడలేదు.

బట్టల మిల్లులో నేసేవాళ్ళకి ఆనాడు దొరికిన ఈ మాట, ఆ బట్టని దుకాణంలో పరిచి చూపించే అమ్మాయికి చేరటానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. అదీ ముందు ఒక్క రాష్ట్రంలో. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే సౌకర్యం కల్పించాలని చేర్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది.

ఈ సవరణల గురించి నేనొక సెమినార్‌లో ప్రస్తావించినప్పుడు, ప్రగతిశీల భావాలున్న ఒక పెద్దాయన నవ్వుతూ అన్నారు. "అమ్మా, రైతులు చచ్చిపోతున్నారు, ఉద్యోగాలు లేవు, శాసనసభ ఏడాదికి నాలుగు వారాలు సరిగ్గా జరగదు. అందులో స్టూళ్ళ గురించి చర్చించమంటావా?" ఆయన వ్యంగ్యంగా అన్నారని నేను అనుకోను. నిజంగానే ఆయనకి ఆ సందేహం ఉంది. చాలామందికి ఉంది. అందుకే దాన్ని తీసిపారెయ్యకుండా, కాస్త చరిత్రలోకి వెళ్ళి చూద్దామనిపించింది.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తగా వినిపించలేదు. విమల 'వంటిల్లు' రాసినప్పుడు, కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసినప్పుడు, 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు విమర్శకులు కొందరు వేసిన ప్రశ్న ఇదే. సమాజంలో ఇన్ని సమస్యలుండగా వంటింటి గురించి, పురుటి గది గురించి కవిత్వమా? పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఇల్లు అలకటం అనే చిన్న పనిలోంచి కాకుండా ఆ మరుపుని ఇంకెక్కడి నుంచి చెప్పగలరు? వస్తువు చిన్నదా పెద్దదా అని కొలిచే తూకం ఎవరి చేతిలో ఉందన్న తగువు మన సాహిత్యంలో ముప్ఫై ఏళ్ళ కిందటే నడిచింది. చట్టసభల్లో అది ఇంకా మొదలైనట్టు లేదు.

దుకాణంలో నిలబడటం అనేది కూడా సహజంగా వచ్చింది కాదు, దానికో చరిత్ర ఉంది. పాతకాలపు బట్టల కొట్లు గుర్తున్నవాళ్ళకి తెలుసు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న గుమాస్తా, ఎదురుగా చెప్పులు విప్పి వచ్చి కూర్చున్న మనం. చీరల మడతలు విప్పేవాడూ, చూసేవాళ్ళూ ఒకే ఎత్తులో ఉండేవాళ్ళు. గుమాస్తా బతుకు హాయిగా ఉండేదని నేననటం లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా పని, సెలవు అడిగితే చీవాట్లు. కానీ అతను కూర్చునేవాడు. అతను దాదాపు ఎప్పుడూ మగవాడే.

తర్వాత పరుపు పోయి గాజు కౌంటరు వచ్చింది, షోరూం వచ్చింది, నాలుగైదు అంతస్తులు వచ్చాయి. ఆ అంతస్తుల్లోకి పల్లెల నుంచీ చిన్న పట్టణాల నుంచీ వచ్చిన ఆడపిల్లల్ని తీసుకున్నారు. ఒకే రంగు చీర కట్టించి, జడ ఎలా వేసుకోవాలో చెప్పి, నిలబెట్టారు. అమ్మేవాళ్ళు మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళుగా మారటం, కూర్చోవటం నుంచి నిలబడటంగా మారటం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఇది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను. నిలబడి ఉన్న ఆడపిల్ల మర్యాదగా కనిపిస్తుంది, కూర్చున్న ఆడపిల్ల బద్ధకంగా కనిపిస్తుంది. ఇంట్లో మగవాళ్ళు భోంచేస్తుంటే నిలబడి వడ్డించిన అలవాటే షోరూంలో 'కస్టమర్ సర్వీస్' అయింది. వసంతబాలన్ తీసిన 'అంగాడి తెరు' 2010లో వచ్చింది. చెన్నై రంగనాథన్ వీధి బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లల బతుకు అందులో ఉంది. తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో డబ్ అయింది. మన రాజోలు నుంచి వెళ్ళిన అంజలి అందులో నాయిక. ఆ సినిమా చూసి ఏడ్చిన వాళ్ళలో చాలామందిమి మరుసటి పండక్కి అలాంటి దుకాణానికే వెళ్ళి, అలా నిలబడ్డ అమ్మాయి చేతనే ఎనభై చీరలు తీయించి ఉంటాం.

హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేసే ఆమెని, పని అయ్యాక బస్టాపులో, కూర్చోవటం గురించి అడిగాను. పేరు చెప్పొద్దంది. "కూసుంటే కెమెరాల కనబడ్తం మేడం. గిరాకీ లేనప్పుడు గూడ నిలవడాలె. మడతలు వెట్టుకుంట ఉండాలె. పని లేకున్నా పని చేస్తున్నట్టు కనవడాలె." కాళ్ళ నరాలు ఉబ్బటం గురించి అడిగితే చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి చూపించింది. నీళ్ళు తాగటం తగ్గించానని చెప్పింది, ఎందుకో నేను అడగలేదు. ఆడవాళ్ళం కదా, అర్థమైంది. "కుర్చీ ఇస్తే బాగుంటదా?" అంటే ఒక్క క్షణం ఆగి, "ఇస్తరు గానీ కూసోనిస్తరా?" అంది. ఈ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తాను.

కేరళలో ఈ విషయాన్ని శాసనసభ దాకా తీసుకెళ్ళింది శాసనసభ్యులు కాదు. కోళికోడ్‌లో మిఠాయి తెరువు అని పెద్ద బజారు ఉంది. అక్కడ కుట్టుపని చేసే విజి అనే ఆవిడ, చుట్టుపక్కల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టింది. ఆ సంఘం పేరు 'పెణ్‌కూట్టు'. ఆడవాళ్ళ తోడు అని మనం చెప్పుకోవచ్చు. వాళ్ళు మొదట అడిగింది కుర్చీ కాదు, మరుగుదొడ్డి. దుకాణంలో లేక, దగ్గర్లో ఏ హోటల్‌కో వెళ్ళాల్సి వచ్చి, అందుకని నీళ్ళు మానేసి, జబ్బులు తెచ్చుకుని బతుకుతున్న వాళ్ళు వాళ్ళు. పెద్ద కార్మిక సంఘాలు అంతకు ముందు వీళ్ళ గురించి పట్టించుకోలేదు. కేరళ అంటే కార్మిక సంఘాల రాష్ట్రం అన్న పేరు ఉండనే ఉంది. ఆ సంఘాల అజెండాలో కూడా మరుగుదొడ్డి చిన్న విషయమే! చివరికి ఈ ఆడవాళ్ళు అసంఘటిత రంగ కార్మికులకి సొంతంగా యూనియన్ పెట్టుకున్నారు.

2014 చివర్లో త్రిసూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు కొద్దిమంది అమ్మాయిలు సమ్మెకి కూర్చున్నారు. యూనియన్‌లో చేరినందుకు వాళ్ళని దూరపు శాఖలకి బదిలీ చేశారు. వంద రోజులకు పైగా కూర్చున్నారు. పని చేసేటప్పుడు కూర్చోనివ్వకపోతే వీధిలో కూర్చుని అడిగారు కాబట్టి జనం దానికి కూర్చునే సమ్మె అనే పేరు పెట్టుకున్నారు. కూర్చోవటం అన్న మలయాళ మాట అప్పటి నుంచి ఒక హక్కు పేరైంది. 2018 జులైలో మంత్రివర్గం సవరణకి ఒప్పుకుంది, అక్టోబర్‌లో ఆర్డినెన్స్ వచ్చింది. ఆ ఏడాది బీబీసీ వంద మంది మహిళల జాబితాలో విజి పేరు కూడా ఉంది.

ఈ కథలో సమయం ఎవరిది ఎంత ఖర్చయిందో చూడండి. బజారులో ఆడవాళ్ళవి ఏళ్ళకి ఏళ్ళు. చట్టసభది కొద్ది గంటలు కూడా కాదు. 'చిన్న విషయాల మీద సభ సమయం వృథా' అనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వెయ్యరు. ఇంకో లెక్క కూడా ఉంది. 2020 సెప్టెంబర్ 22న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ మూడు కార్మిక కోడ్‌లని ఆమోదించాయి. ప్రతిపక్షం అప్పుడు సభని బహిష్కరించి బయట ఉంది. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఒక్కటే 13 పాత చట్టాలని మింగి తయారైంది. మనం మొదట్లో చెప్పుకున్న ఫ్యాక్టరీల చట్టం కూడా అందులో కలిసిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు అన్న మాట ఆ కోడ్‌లోనూ ఉంది. అయితే పది మంది కంటే తక్కువ పనిచేసే చోట్లు మామూలుగా దాని పరిధిలోకి రావు. ముగ్గురు అమ్మాయిలతో నడిచే గాజుల దుకాణం, ఫ్యాన్సీ స్టోర్, మెడికల్ షాపు బయటే ఉంటాయి. ఇంత పెద్ద విషయానికి సభ ఇచ్చిన సమయం అంత. కాబట్టి సభ సమయాన్ని తినేస్తున్నవి స్టూళ్ళు కావు.

అసలు 'సమయం లేదు' అన్న మాటకి ఆడవాళ్ళ చరిత్రలో ఒక ప్రత్యేకమైన వాడకం ఉంది. హిందూ కోడ్ బిల్లు సంగతి తీసుకుందాం. పెళ్ళి, విడాకులు, ఆస్తి, దత్తత, ఇంతకంటే పెద్ద విషయం ఏముంటుంది? 1948 నుంచి నానింది. 1951 సెప్టెంబర్‌లో ఒక్కో క్లాజు చర్చకి తీసుకున్నారు, నాలుగో క్లాజు దగ్గర ఆగిపోయింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి, సమావేశాల రోజులు అయిపోతున్నాయి అన్నారు. అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. బిల్లు వైపు గట్టిగా నిలబడిన వాళ్ళలో మన దుర్గాబాయి ఉన్నారు. ఆ బిల్లు నాలుగు ముక్కలుగా విడిపోయి 1955, 56ల్లో గానీ చట్టాలు కాలేదు. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ బిల్లు 1996లో మొదటిసారి వచ్చి 2023లో ఆమోదం పొందింది. అదీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతుతో. మరుగుదొడ్డి అడిగితే అది సభలో మాట్లాడేంత పెద్దది కాదు. ఆస్తి అడిగితే ఈ సమావేశాల్లో తేలనంత పెద్దది. మనకి సరిపోయే సైజు విషయం ఏదో నాకు ఇంతవరకూ దొరకలేదు.

చిన్నవాటి మీద పడితే పెద్దవాటిని వదిలేస్తారన్న భయానికి బ్రిటన్‌లో బార్బరా కాసిల్ మంచి జవాబు. ప్రభుత్వంలో లేని మామూలు సభ్యురాలిగా ఆవిడ 1963లో తెచ్చిన చట్టం, బహిరంగ మరుగుదొడ్ల గుమ్మాల దగ్గర తిరిగే ఇనుప గేట్లని తీసేయించటం గురించి. స్థానిక సంస్థలు నడిపే మరుగుదొడ్ల దగ్గర ఆ గేట్లు ఉండేవి. నిండు గర్భిణులు, చేతిలో సంచులతో పిల్లలతో వచ్చే ఆడవాళ్ళు వాటిలో ఇరుక్కుపోయేవాళ్ళు. ఒక పార్లమెంటు సభ్యురాలు దొడ్డి తలుపుల గురించి బిల్లు పెట్టటం కంటే 'చిన్న' పని ఏముంటుంది! ఆ కాసిలే 1970లో సమాన వేతన చట్టాన్ని తెచ్చింది. దానికి ముందు 1968లో ఫోర్డ్ కార్ల కర్మాగారంలో ఆడవాళ్ళు చేసిన సమ్మె ఉంది, అప్పుడు ఉపాధి మంత్రి ఆవిడే. సమ్మె చేసిన ఆ ఆడవాళ్ళు కుట్టేది కార్ల సీట్ల తొడుగులు. ఎవరో కూర్చోవటానికి వీళ్ళ శ్రమ, అక్కడ కూడా. గేటులో ఇరుక్కున్న ఆడమనిషి చూపు ఉన్నందువల్లే జీతంలోని తేడా కూడా ఆవిడకి కనిపించిందని నేననుకుంటాను.

ఇంతవరకూ చెప్పింది చదివి, చిన్న విషయాల మీద చట్టం ఎప్పుడూ మంచిదే అని నేనంటున్నానని అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1899లోనే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకి సీట్ల చట్టం వచ్చింది. ముగ్గురికి ఒక సీటు చొప్పున పెట్టాలని అందులో ఉంది. అప్పటికి అక్కడ ఆడవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు, అందుకు ఇంకా పంతొమ్మిదేళ్ళు ఆగాలి. ఓటు ఇవ్వని సభ సీటు ఎందుకిచ్చింది? ఎక్కువసేపు నిలబడితే ఆడవాళ్ళ గర్భాశయాలు పాడవుతాయని, రేపటి తల్లులు బలహీనులవుతారని అప్పటి డాక్టర్ల వాదన. కాళ్ళు నొప్పి పెట్టటం చాలలేదు, పుట్టబోయే బిడ్డల్ని అడ్డం పెట్టుకుంటే గానీ సీటు రాలేదు. ఆడవాళ్ళకి మాత్రమే వర్తించే ఇలాంటి రక్షణ చట్టాలని ఆ రోజుల్లో కొందరు స్త్రీవాదులే వ్యతిరేకించారు. ఖర్చు పెరుగుతుందని యజమానులు ఆడవాళ్ళని మాన్పించి మగవాళ్ళని పెట్టుకుంటారని వాళ్ళ భయం. అందుకే తమిళనాడు సవరణలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట 'ఉద్యోగులందరికీ' అన్నది. తల్లి అన్న ప్రసక్తి లేదు, సున్నితమైన శరీరం అన్న ప్రసక్తి లేదు. పనిచేసే మనిషికి కాళ్ళుంటాయి, అంతే.

తమిళనాడు సవరించిన ఆ చట్టం 1947 నాటిది. ఉమ్మడి మద్రాసు శాసనసభ చేసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాల ప్రతినిధులు కూడా ఆ సభలో కూర్చునే ఉన్నారు. కుర్చీ విలువ తెలియని వాళ్ళు శాసనసభకి ఎవరూ రారు కదా, అయినా దుకాణంలో నిలబడ్డ మనిషి వాళ్ళకి తట్టలేదు. 2021 సెప్టెంబర్ 6న కార్మిక మంత్రి బిల్లు ప్రవేశపెట్టారు, ఆ నెలలోనే ఆమోదం దొరికింది. పెద్ద గొడవేమీ జరగలేదు. గొడవ జరగకపోవటం మంచిదే అనిపిస్తుంది మొదట. కానీ సభలో ఎవరూ ఎగతాళి చెయ్యకుండా ఒక చిన్న విషయం దాటిపోయిందంటే, ఎవరూ దాని గురించి ఆలోచించకుండా దాటిపోయిందని కూడా కావచ్చు. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. యజమానికి స్టూలు ఖరీదు మాత్రమే. జీతం పెంచమని చట్టం చెయ్యటం కంటే ఇది ఎంత సులువో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ సెమినార్ పెద్దాయనతో నాకు సగం ఏకీభావం ఉంది.

"ఇస్తరు గానీ కూసోనిస్తరా?" అని ఆమె అడిగిన దానికి జవాబు ఈ సగంలోనే ఉంది. స్టూలు వెయ్యాలని రాయటం తేలిక. కూర్చున్నందుకు జీతం కొయ్యకూడదని, కెమెరాలో చూసి మందలించకూడదని, గిరాకీ లేని ఆ పది నిమిషాలు ఆమెవేనని రాయాలంటే ఎవరో ఒకరు ఆ షోరూంలో సాయంత్రం దాకా ఉండి చూడాలి. తనిఖీకి వచ్చే అధికారి స్టూళ్ళు లెక్కపెట్టి వెళ్ళిపోతే చట్టం అమలైనట్టే. స్టూళ్ళు ఉంటాయి, వాటి మీద చీరల కట్టలు ఉంటాయి.

కేరళ సవరణని మొత్తం చదివితే ఇంకొకటి కనిపిస్తుంది. పత్రికలు, టీవీలు కూర్చునే హక్కు గురించి రాశాయి, మనమూ దాన్నే పండగ చేసుకున్నాం. అదే సవరణలో, ఆడవాళ్ళ చేత రాత్రి 7 గంటల తర్వాత పని చేయించకూడదన్న పాత నిబంధన మారింది. ఆ గడువు 9కి జరిగింది. తొమ్మిది దాటాక చేయించాలంటే ఆమె ఒప్పుకోవాలి, రక్షణ ఉండాలి, ఇంటికి చేర్చే ఏర్పాటు ఉండాలి అని షరతులు పెట్టారు. ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఆ రెండు గంటలు మాత్రం మామూలు పనివేళలైపోయాయి. రాత్రి పని మీద నిషేధం ఉండాలని నేను అనను. చీకటి పడితే ఆడవాళ్ళు ఇంట్లో ఉండాలన్న నియమం మనకి రక్షణ కాదు. కానీ ఆ రెండు గంటలు ఎవరు అడిగారు? మిఠాయి తెరువు ఆడవాళ్ళు అడిగిన వాటిలో మరుగుదొడ్డి ఉంది, కుర్చీ ఉంది, జీతం ఉంది. సాయంత్రం రద్దీ వేళ దుకాణంలో మనుషులు కావాల్సింది యజమానులకి.

తొమ్మిదికి షట్టర్ దింపి, లెక్కలు చూసి, ఆడవాళ్ళ సంచులు వెతికి పంపించేసరికి తొమ్మిదిన్నర. చివరి బస్సు ఎన్నింటికి, ఇంట్లో చంటిపిల్లకి అన్నం ఎవరు పెట్టారు, ఆ రెండు గంటలకి జీతం పెరిగిందా లేదా. స్టూలు గురించి సభ నిజంగా ఒక పూట కూర్చుని మాట్లాడి ఉంటే, ఎవరో ఒకరు పక్క క్లాజు కూడా చదివి ఈ ప్రశ్నలు అడిగి ఉండేవారు.